డాడ్జర్స్ 2024: సీజన్‌కు ముందే కనిపించిన ఇన్నింగ్స్ లోటు

2024 ఫిబ్రవరిలో అరిజోనాలోని గ్లెన్‌డేల్ శిబిరంలో సాధన మొదలుపెట్టేనాటికి లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ గురించి తప్ప బేస్‌బాల్ అభిమానులు మరో జట్టు ఊసెత్తడం లేదు. అంతకు ముందు డిసెంబరు ఒక్క నెలలోనే ఆ జట్టు షోహెయ్ ఓటానీతో 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లకు, యొషినోబు యమమోటోతో 12 ఏళ్లకు 32.5 కోట్ల డాలర్లకు, టైలర్ గ్లాస్‌నోతో 5 ఏళ్లకు 13.65 కోట్ల డాలర్లకు ఒప్పందాలు చేసుకుంది. మూడూ కలిపితే 116 కోట్ల డాలర్లు. ఇంత డబ్బు కుమ్మరించిన జట్టుకు ఇక లోటేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే ఆ జట్టు స్టార్టింగ్ పిచర్ల (మ్యాచ్ ఆరంభం నుంచి బంతి విసిరేవారి) పేర్లు ఒక వరుసలో రాసుకుని, ఒక్కొక్కరు ఆ ఏడాది ఎన్ని ఇన్నింగ్స్ వేయగలరో పక్కనే వేసుకుని కూడితే మాత్రం పెద్ద ఖాళీ బయటపడేది. ఆ ఖాళీ ఎలా ఏర్పడిందో, చివరికి దాన్ని ఎవరు పూడ్చారో పరిశీలిస్తే, సీజన్‌కు ముందు ఏ జట్టు పిచింగ్‌నైనా ఎలా అంచనా వేయాలో అర్థమవుతుంది.

బేస్‌బాల్‌లో మ్యాచ్‌కు 9 ఇన్నింగ్స్. ఒక్కో ఇన్నింగ్స్‌లో ప్రతి జట్టూ ముగ్గురు అవుటయ్యేదాకా బ్యాటింగ్ చేస్తుంది. అమెరికాలో అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు మార్చి నెలాఖరు నుంచి సెప్టెంబరు చివరి వరకు 162 మ్యాచ్‌లు ఆడుతుంది. మ్యాచ్‌ను ఆరంభించే పిచర్‌ను స్టార్టర్ అంటారు. అతను దాదాపు 90 నుంచి 100 బంతులు విసిరి, అయిదారు ఇన్నింగ్స్ పూర్తిచేసి తప్పుకుంటాడు. మిగతా ఇన్నింగ్స్‌ను బుల్‌పెన్‌లో వేచి ఉండే రిలీవర్లు పంచుకుంటారు. అంతటి శ్రమ తర్వాత స్టార్టర్ చేతికి కనీసం నాలుగైదు రోజుల విశ్రాంతి కావాలి గనుక జట్లు అయిదుగురిని వంతులవారీగా దింపుతాయి. దీన్నే రొటేషన్ అంటారు. ఇటీవలి కాలంలో స్టార్టర్లు మ్యాచ్‌కు సగటున అయిదు ఇన్నింగ్స్‌కు కాస్త పైన వేస్తున్నారు కాబట్టి, ఒక జట్టుకు ఏడాదికి స్టార్టర్ల నుంచి సుమారు 830 ఇన్నింగ్స్ అవసరమవుతాయి. అవి తగ్గితే భారం బుల్‌పెన్ మీద పడుతుంది. జట్టులో ఉండే 26 మందిలో పిచర్లు 13 మందికి మించకూడదన్న నిబంధన ఉంది కనుక అక్కడ కూడా ఎంతో వెసులుబాటు ఉండదు.

క్రికెట్ చూసేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. 2025లో ఇంగ్లండ్ పర్యటనకు జస్‌ప్రీత్ బుమ్రా అయిదు టెస్టుల్లో మూడే ఆడతాడని భారత జట్టు ముందే తేల్చిచెప్పింది, అలాగే జరిగింది. వెన్ను గాయం చరిత్ర ఉన్న అంతటి బౌలర్‌ను రోజూ వాడుకోలేరు. ఆ సిరీస్‌లో అయిదు టెస్టులూ ఆడిన హైదరాబాద్ పేసర్ మహ్మద్ సిరాజ్ 23 వికెట్లు తీసి, ఓవల్‌లో ఆరు పరుగుల విజయాన్ని అందించాడు. ప్రతిభ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఎన్ని రోజులు అందుబాటులో ఉంటాడన్నది మరో ప్రశ్న అని ఆ సిరీస్ తెలుగు ప్రేక్షకులకు దగ్గరగా చూపించింది. బేస్‌బాల్‌లో ఈ రెండో ప్రశ్న అయిదు టెస్టులకు బదులు ఆరు నెలల పొడవునా, ఇంచుమించు ప్రతిరోజూ ఎదురవుతుంది.

డాడ్జర్స్ అంత తొందరపడి పిచర్ల కోసం వేటాడడానికి 2023 అక్టోబరు కారణం. 162 మ్యాచ్‌ల దశ ముగిశాక విజేతను తేల్చే పోస్ట్ సీజన్ పోటీలు జరిగేది ఆ నెలలోనే. ఆ ఏడాది 100 మ్యాచ్‌లు గెలిచిన జట్టు, 84 మాత్రమే గెలిచిన అరిజోనా డైమండ్‌బ్యాక్స్ చేతిలో డివిజన్ సిరీస్‌ను వరుసగా మూడు మ్యాచ్‌ల్లో పోగొట్టుకుంది. మొదటి మ్యాచ్‌లో క్లేటన్ కెర్షా ఒకే ఒక్క బ్యాటర్‌ను అవుట్ చేసి, ఆరు పరుగులు ఇచ్చి వెనుదిరిగాడు. రెండో మ్యాచ్‌లో కుర్రవాడు బాబీ మిల్లర్ రెండు ఇన్నింగ్స్ కూడా పూర్తి చేయలేకపోయాడు. మూడో మ్యాచ్‌లో లాన్స్ లిన్ ఒకే ఇన్నింగ్స్‌లో నాలుగు హోమ్ రన్లు (బంతి మైదానం దాటిపోయే షాట్లు) సమర్పించుకున్నాడు. మూడు మ్యాచ్‌ల్లో కలిపి స్టార్టర్లు వేసినవి అయిదు ఇన్నింగ్స్ కూడా లేవు, ఇచ్చిన పరుగులు 13. కెర్షా అప్పటికే భుజం నొప్పితో ఆడుతున్నాడని, ఆరోగ్యంగా ఉన్న అనుభవజ్ఞులు జట్టులో దాదాపు లేరని ఆ సిరీస్ బట్టబయలు చేసింది. నవంబరులో కెర్షా భుజానికి శస్త్రచికిత్స జరిగింది. మరో ఇద్దరు స్టార్టర్లు టోనీ గోన్సోలిన్, డస్టిన్ మే అంతకు ముందే మోచేతి శస్త్రచికిత్సలు చేయించుకుని 2024లో చాలా భాగానికి దూరమవుతారని తేలిపోయింది. సెప్టెంబరులో లీగ్ సెలవుపై పంపిన స్టార్టర్ హులియో ఉరియాస్ మళ్లీ తిరిగి రాలేదు.

ఇక కొత్తగా వచ్చినవారి సంగతి. పిచింగ్, బ్యాటింగ్ రెండూ చేసే ఓటానీ ఒప్పందం ఎంత గొప్పదైనా 2024 పిచింగ్ లెక్కలో అతని వాటా సున్న. 2023 సెప్టెంబరులో మోచేతికి శస్త్రచికిత్స చేయించుకున్నందున ఆ ఏడాది బ్యాటింగ్‌కే పరిమితమవుతాడని సంతకం చేసిన రోజునే అందరికీ తెలుసు. యమమోటో జపాన్‌లో 2021 నుంచి 2023 దాకా మూడేళ్లు వరుసగా ఉత్తమ పిచర్‌కిచ్చే సావామురా పురస్కారం గెలిచినవాడు. 2023లో అతను 164 ఇన్నింగ్స్ వేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.21 పరుగులే ఇచ్చాడు. ఈ సగటునే బేస్‌బాల్‌లో ఈఆర్‌ఏ అంటారు, అది ఎంత తక్కువైతే పిచర్ అంత మెరుగు. పాతికేళ్ల వయసు, నాలుగు రకాల బంతులను ఒకే తీరులో విసిరే నేర్పు అతని బలాలు. అయితే జపాన్‌లో స్టార్టర్ వారానికి ఒక్కసారే పిచ్ చేస్తాడు. అక్కడి బంతి కాస్త చిన్నది, వేళ్లకు బాగా పట్టు దొరుకుతుంది. అమెరికాలో బంతి జారుతుంది, విశ్రాంతి తక్కువ, ప్రయాణాలు ఎక్కువ. అతనికి ప్రతిసారీ అయిదు రోజుల విశ్రాంతి ఇవ్వాలంటే మిగతా నలుగురి వంతులు త్వరగా రాకూడదు, కాబట్టి ఆరో మనిషి కావాలి. అందువల్ల ఒక స్టార్టర్‌ను తెచ్చుకోవడంతో మరో స్టార్టర్ అవసరం కూడా ఏర్పడింది.

గ్లాస్‌నో వ్యవహారం ఇంతకంటే ఆసక్తికరం. ఆరడుగుల ఎనిమిది అంగుళాల ఈ పిచర్ ఆరోగ్యంగా ఉన్న రోజున అతని బంతులను ఎదుర్కోవడం ఏ బ్యాటర్‌కూ సులువు కాదు. 2023లో 120 ఇన్నింగ్స్‌లో 162 మందిని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టనివ్వకుండానే అవుట్ చేశాడు. కానీ మేజర్ లీగ్‌లో ఏ ఏడాదిలోనైనా అతను వేసిన అత్యధిక ఇన్నింగ్స్ ఆ 120 మాత్రమే. 2021లో మోచేతి శస్త్రచికిత్స, ఆ తర్వాత పక్కటెముకల కండరం గాయం, ఏటా ఏదో ఒకటి. అతని కోసం టాంపా బే రేస్ జట్టుకు డాడ్జర్స్ ఇచ్చిన ఇద్దరిలో ఒకడు రయన్ పెపియో అనే యువ స్టార్టర్. అంటే ఖాళీ ఉన్న చోట నుంచే ఒకరిని తీసి, మరింత మంచి పిచర్‌ను, అయితే ఎప్పుడు ఆగిపోతాడో చెప్పలేని పిచర్‌ను తెచ్చుకున్నారు.

మిగతావారిలో బాబీ మిల్లర్ తొలి ఏడాది 22 మ్యాచ్‌లు ఆరంభించి 124 ఇన్నింగ్స్ వేశాడు. గంటకు 100 మైళ్లకు చేరువైన వేగం అతనిది. ఒక్క ఏడాది అనుభవంతోనే అతన్ని మూడో స్టార్టర్‌గా రాసుకోవలసి వచ్చింది. జేమ్స్ పాక్స్‌టన్‌ను ఒక ఏడాదికి తీసుకున్నారు. ఆరోగ్య పరీక్షల తర్వాత అతని ఒప్పందంలో కచ్చితంగా చెల్లించే మొత్తాన్ని 70 లక్షల డాలర్లకు తగ్గించడమే అతని శరీరంపై ఉన్న అనుమానాన్ని చెబుతుంది. 2023లో అతను వేసినవి 96 ఇన్నింగ్స్. వాకర్ బ్యూలర్ 2021లో 207 ఇన్నింగ్స్ వేసిన మేటి పిచరే, కానీ 2022 ఆగస్టులో రెండోసారి మోచేతి శస్త్రచికిత్స జరిగాక మేజర్ లీగ్‌లో ఒక్క బంతి కూడా వేయలేదు. మే నెల దాకా రాడని తెలుసు. కెర్షా వేసవి మధ్యలో వస్తాడని ఆశ. ఎమెట్ షీహన్, గావిన్ స్టోన్, మైకేల్ గ్రోవ్, లాండన్ నాక్ వంటి కుర్రవాళ్లు వరుసలో ఉన్నారు. వారిలో షీహన్ శిబిరంలోనే భుజం నొప్పితో ఆగిపోయాడు.

ఇప్పుడు కూడిక. సీజన్ ఆరంభానికి సిద్ధంగా ఉన్న నలుగురు ప్రధాన స్టార్టర్లు యమమోటో, గ్లాస్‌నో, మిల్లర్, పాక్స్‌టన్ 2023లో వేసిన ఇన్నింగ్స్ 164, 120, 124, 96. మొత్తం 504. అందులో 164 జపాన్‌లో వారానికి ఒక్కసారి చొప్పున వేసినవి. నలుగురూ పోయిన ఏడాది ఎంత వేశారో అంతే వేస్తారని, ఎవరికీ ఏమీ కాదని అనుకున్నా, అవసరమైన 830కి మరో 326 తక్కువ పడతాయి. ఇది ఇద్దరు పూర్తికాలపు స్టార్టర్ల పని. బ్యూలర్, కెర్షా తిరిగి వచ్చి కొంత భర్తీ చేస్తారనుకున్నా, శస్త్రచికిత్స నుంచి కోలుకుంటున్నవారి మీద వేసే అంచనా మీద ఎంత నమ్మకం పెట్టుకోగలం? డాడ్జర్స్ పేరెన్నిక గల పిచర్లున్న జట్టు అన్నది ఎంత నిజమో, సీజన్‌కు సరిపడా ఇన్నింగ్స్ లేని జట్టు అన్నది కూడా అంతే నిజం.

చేతులు ఇంతగా దెబ్బతినడానికి కారణాలు ఇప్పుడు బాగానే తెలుసు. మోచేతి లోపలి వైపు ఎముకలను పట్టి ఉంచే చిన్న లిగమెంట్ మీద ప్రతి బంతికీ దాని శక్తికి అంచున ఉండేంత ఒత్తిడి పడుతుంది. అది తెగితే మరో చోటి నుంచి స్నాయువు తీసి అక్కడ అమర్చాలి. ఈ శస్త్రచికిత్స మొదటగా జరిగింది కూడా డాడ్జర్స్ పిచర్‌కే. 1974 సెప్టెంబరు 25న డాక్టర్ ఫ్రాంక్ జోబ్ 31 ఏళ్ల టామీ జాన్ కుడి ముంజేతి నుంచి స్నాయువు తీసి ఎడమ మోచేతిలో అమర్చాడు. టామీ జాన్ 1976లో తిరిగొచ్చి 1989 దాకా ఆడాడు. మొత్తం 288 విజయాల్లో 164 ఆ శస్త్రచికిత్స తర్వాత వచ్చినవే. అప్పటి నుంచి అతని పేరే ఆ చికిత్సకు పేరైంది. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. టామీ జాన్ మాత్రం వేగంతో నెగ్గిన పిచర్ కాదు, బంతిని కిందికి జార్చి నేల మీద కొట్టించినవాడు. ఈనాటి పిచర్ ప్రతి బంతినీ సర్వశక్తులూ ఒడ్డి విసురుతాడు. మేజర్ లీగ్‌లో ఫాస్ట్‌బాల్ సగటు వేగం 2008లో గంటకు 91.3 మైళ్లు, అంటే సుమారు 147 కిలోమీటర్లు. 2024లో అది 94.2 మైళ్లకు, అంటే సుమారు 152 కిలోమీటర్లకు చేరింది. పిచర్ల గాయాల మీద లీగ్ 2024 డిసెంబరులో విడుదల చేసిన నివేదిక కూడా వేగం కోసం పరుగు, బంతి తిరుగుడును గరిష్ఠానికి తీసుకెళ్లే శిక్షణ, ప్రతి బంతికీ పూర్తి శక్తి అన్న మూడింటినే ప్రధాన కారణాలుగా ఎత్తి చూపింది.

ఈ సంగతి డాడ్జర్స్ పిచింగ్ కోచ్ మార్క్ ప్రయర్‌కు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2003లో షికాగో కబ్స్ తరఫున 211 ఇన్నింగ్స్ వేసి 18 మ్యాచ్‌లు గెలిచినప్పుడు అతనికి 22 ఏళ్లు. అంతటి కుర్రవాడు 2006 ఆగస్టు తర్వాత మేజర్ లీగ్‌లో మౌండ్ (పిచర్ నిలబడి బంతి విసిరే మట్టి దిబ్బ) ఎక్కలేదు. భుజం మళ్లీ ఎన్నడూ సహకరించలేదు. అలాంటి మనిషి పర్యవేక్షణలో ఉన్న జట్టు, తన పిచర్ల బలహీనత తెలియక పొరపాటు పడిందని అనుకోలేం. తెలిసే ఆ దారి ఎంచుకుంది.

మరో దారి లేకపోలేదు. ఆ శీతకాలంలోనే స్టార్టర్ ఆరన్ నోలా 7 ఏళ్లకు 17.2 కోట్ల డాలర్లతో ఫిలడెల్ఫియాలో కొనసాగాడు, 2024లో 33 మ్యాచ్‌లు ఆరంభించాడు. కార్బిన్ బర్న్స్ ఫిబ్రవరిలో బాల్టిమోర్‌కు, డిలన్ సీస్ మార్చిలో డాడ్జర్స్ ప్రత్యర్థి శాన్ డియేగోకు వెళ్లారు. ఇద్దరూ తమ వంతు ఏ వారమూ తప్పించుకోలేదు. సేత్ లుగో అన్నిటికంటే చెప్పుకోదగ్గ ఉదాహరణ. 34 ఏళ్ల అతన్ని కాన్సాస్ సిటీ రాయల్స్ 3 ఏళ్లకు 4.5 కోట్ల డాలర్లకే తీసుకుంటే, 206 ఇన్నింగ్స్ వేసి అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటి) ఉత్తమ పిచర్ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. ఇదంతా జరిగాక చెప్పడం తేలికేనన్నది నిజం. అయినా ఒక భేదం ముందే కనిపిస్తుంది. మన్నికగా ఆడే పిచర్‌ను తెచ్చుకుంటే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నిశ్చింత. అసాధారణ ప్రతిభ ఉండి మన్నిక అనుమానంగా ఉన్నవాణ్ని తెచ్చుకుంటే అక్టోబరులో గెలిచే అవకాశం ఎక్కువ, ఆ నెలకు ఆరోగ్యంగా ఉంటే. జట్టు బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడు ఆండ్రూ ఫ్రీడ్‌మన్ రెండో దాన్ని ఎంచుకున్నాడు. బ్యాటింగ్ బలంతో 162 మ్యాచ్‌ల దశ ఎలాగూ గట్టెక్కుతుందని, కావలసింది అక్టోబరుకు ముగ్గురు నలుగురు మంచి స్టార్టర్లు నిలబడడమేనని ఆ ఎంపిక చెబుతుంది. 2023 అక్టోబరు పరాభవం చూశాక ఆ ఆలోచనలో తప్పు పట్టలేం.

సీజన్ మొదలైంది సియోల్‌లో. మార్చి 20న శాన్ డియేగో మీద గ్లాస్‌నో అయిదు ఇన్నింగ్స్ వేసి గెలుపుకు బాట వేశాడు. మరుసటి రోజు యమమోటో తొలి మ్యాచ్ ఒక్క ఇన్నింగ్స్‌తోనే ముగిసింది. 43 బంతుల్లో అయిదు పరుగులు ఇచ్చాడు, బంతి అనుకున్న చోట పడలేదు. మిల్లర్ మాత్రం తన తొలి మ్యాచ్‌లో ఆరు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వకుండా 11 మందిని స్ట్రైకౌట్ చేశాడు. ఆ వారం చూసినవారు ఎవరిని నమ్మాలో, ఎవరిని అనుమానించాలో పూర్తిగా తప్పుగా అంచనా వేసుకుని ఉంటారు. ఎందుకంటే యమమోటో త్వరలోనే కుదురుకున్నాడు, మిల్లర్ ఏప్రిల్‌లోనే భుజం నొప్పితో ఆగిపోయి, తిరిగి వచ్చాక కూడా లయ దొరకక 13 మ్యాచ్‌ల్లో 8.52 ఈఆర్‌ఏతో ఏడాది ముగించాడు.

జూన్ నెలలోని వారం రోజుల వ్యవధి ఈ అనిశ్చితి స్వభావాన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. జూన్ 7న న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియంలో యమమోటో ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగు ఇవ్వలేదు. అప్పటికి అమెరికాలో అతను విసిరిన అత్యధిక బంతులు ఆనాటి 106. అంతటి ఒప్పందానికి న్యాయం జరిగిన రోజు అని అందరూ మెచ్చుకున్నారు. జూన్ 15న కాన్సాస్ సిటీతో తర్వాతి మ్యాచ్‌లో రెండు ఇన్నింగ్స్ కాగానే చేయి బిగుసుకుందని తప్పుకున్నాడు. భుజం కండరాలకు దెబ్బ తగిలిందని తేలింది. మళ్లీ సెప్టెంబరు 10కి గాని రాలేదు. ఆ 106 బంతులే ఆ గాయానికి కారణమని చెప్పడానికి ఆధారం లేదు. అత్యుత్తమ ప్రదర్శనకూ గాయానికీ మధ్య ఒక్క వారమే ఎడం ఉండగలదని, ముందు రోజు దాకా బయటికి ఏ సూచనా కనిపించకపోవచ్చని మాత్రం తెలుస్తుంది. శిబిరంలో ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా దాన్ని తారుమారు చేసేది ఇలాంటి వారాలే.

గ్లాస్‌నో 22 మ్యాచ్‌ల్లో 134 ఇన్నింగ్స్ వేసి తన పాత రికార్డును దాటాడు, కానీ ఆగస్టు 11 తర్వాత మౌండ్ ఎక్కలేదు. విచిత్రమేమిటంటే అతనికి బదులుగా ఇచ్చేసిన పెపియో టాంపా బేలో 130 ఇన్నింగ్స్ వేశాడు. పాక్స్‌టన్‌ను జులైలో వదిలేసుకున్నారు. బ్యూలర్ తిరిగి వచ్చాడు గాని 5.38 ఈఆర్‌ఏతో పాత బ్యూలర్ అనిపించలేదు. కెర్షా 7 మ్యాచ్‌లకే కాలి బొటనవేలి నొప్పితో ఆగిపోయాడు. మొదట రాసుకున్న ఆ నలుగురూ కలిసి చివరికి వేసినవి దాదాపు 369 ఇన్నింగ్స్, ఆరంభించినవి 162లో 71 మ్యాచ్‌లు. 504 కూడా తక్కువేనన్న లెక్క ఎంత ఆశావహమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి లోటు పూడ్చింది ఎవరు? అందరికంటే ఎక్కువ ఇన్నింగ్స్ వేసినవాడు గావిన్ స్టోన్. జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టును 2020లో అయిదు రౌండ్లకు కుదించారు, అందులో అయిదో రౌండులో ఎంపికైన అతను, 2023లో తొలి అవకాశం వచ్చినప్పుడు 31 ఇన్నింగ్స్‌లో 9.00 ఈఆర్‌ఏతో తీవ్రంగా నిరాశపరిచాడు. శిబిరం మొదలైనప్పుడు అతని పేరు చివరి వరుసలో ఉండేది. ఇతరులు గాయపడడంతో రొటేషన్‌లోకి వచ్చి, 25 మ్యాచ్‌ల్లో 140 ఇన్నింగ్స్ వేసి 3.53 ఈఆర్‌ఏతో 11 మ్యాచ్‌లు గెలిచాడు. జూన్ 26న షికాగో వైట్ సాక్స్ మీద తొమ్మిది ఇన్నింగ్స్ తానే వేసి పరుగు ఇవ్వలేదు. కనీస వేతనానికి దగ్గరగా, అంటే ఏడాదికి సుమారు 7.4 లక్షల డాలర్లకు ఆడుతున్న పిచర్, కోట్ల డాలర్ల పిచర్లు లేని రోజుల్లో రొటేషన్‌ను మోశాడు. అతనికి తోడుగా నాక్ 12 మ్యాచ్‌లు ఆరంభించాడు. జులై 30న డెట్రాయిట్ నుంచి తెచ్చుకున్న జాక్ ఫ్లాహర్టీ 10 మ్యాచ్‌లు ఆరంభించాడు. ఆ ఏడాది డాడ్జర్స్‌లో ఒక్కరు కూడా ఈఆర్‌ఏ పట్టికలో చోటుకు అవసరమైన 162 ఇన్నింగ్స్ అందుకోలేదు. అయినా జట్టు 98 మ్యాచ్‌లు గెలిచింది.

అక్టోబరులో మిగిలిన స్టార్టర్లు ముగ్గురే: యమమోటో, ఫ్లాహర్టీ, బ్యూలర్. నాలుగో వంతు వచ్చినప్పుడల్లా మేనేజర్ డేవ్ రాబర్ట్స్ మ్యాచ్ మొత్తాన్ని బుల్‌పెన్‌కు అప్పగించాడు. శాన్ డియేగోతో డివిజన్ సిరీస్‌లో 1-2తో వెనకబడి, ఓడితే ఇంటికే అన్న నాలుగో మ్యాచ్‌లో ఎనిమిది మంది పిచర్లు పంచుకుని 8-0తో గెలిపించారు. ఆ తర్వాతి మ్యాచ్‌లో యమమోటో అయిదు ఇన్నింగ్స్‌లో పరుగు ఇవ్వలేదు. ఫ్లాహర్టీ తర్వాతి దశలో న్యూయార్క్ మెట్స్ మీద ఏడు ఇన్నింగ్స్ నిలకడగా వేసి, ఫైనల్ అయిన ప్రపంచ సిరీస్ చివరి మ్యాచ్‌లో మాత్రం రెండో ఇన్నింగ్స్ దాటకుండానే వెనుదిరిగాడు. అయిదు పరుగులు వెనకబడిన ఆ మ్యాచ్‌ను జట్టు 7-6తో గెలుచుకున్నప్పుడు, అక్టోబరు 30న యాంకీ స్టేడియంలో తొమ్మిదో ఇన్నింగ్స్ వేసి ముగించినవాడు రెండు శస్త్రచికిత్సల బ్యూలర్. ఫ్రీడ్‌మన్ పందెం గెలిచింది. కానీ అక్టోబరు దాకా జట్టును చేర్చిన ఇన్నింగ్స్ మరొకరి చేతులు వేసినవి. ఈ విజయగాథల్లో ఆ సంగతి తగినంత చోటు పొందలేదు.

స్టోన్ ఆగస్టు చివరలో భుజం నొప్పితో ఆగి, అక్టోబరులో జట్టు పోస్ట్ సీజన్ ఆడుతున్న రోజుల్లోనే శస్త్రచికిత్స చేయించుకున్నాడు. 2025 మొత్తం పోయింది. షీహన్‌కు 2024 మేలో టామీ జాన్ శస్త్రచికిత్స జరిగింది. జులైలో తొలి మ్యాచ్ ఆడి, నాలుగు మ్యాచ్‌ల్లో 1.33 ఈఆర్‌ఏతో అందరి దృష్టినీ ఆకర్షించిన రివర్ రయన్‌కు ఆగస్టులోనే అదే శస్త్రచికిత్స. ఈ గాయాలను జట్టు వాడకానికే ముడిపెట్టడం న్యాయం కాదు. కింది స్థాయి అయిన మైనర్ లీగ్‌తో కలిపి చూస్తే స్టోన్ 2023లోనూ 130 దాకా ఇన్నింగ్స్ వేశాడు, అకస్మాత్తుగా భారం రెట్టింపు చేసిందేమీ లేదు. కానీ లెక్క ఒకటి స్పష్టం. మన్నిక లేని తారలతో రొటేషన్ నింపుకున్నప్పుడు ఆ అనిశ్చితి మాయమైపోదు. తారల చేతుల మీది నుంచి అది వరుసలో చివరనున్న కుర్రవాళ్ల చేతుల మీదికి జరుగుతుంది. తారకు గాయమైతే ఒప్పందం ప్రకారం డబ్బు అందుతుంది. ఇరవై ఆరేళ్ల పిచర్‌కు భుజం పోతే రాబోయే జీతాలు, మధ్యవర్తిత్వం ద్వారా దక్కే పెంపు, ఏ జట్టుతోనైనా చేరగల ఫ్రీ ఏజెంట్‌గా వచ్చే ఒప్పందం అన్నీ వెనక్కి జరుగుతాయి, కొన్నిసార్లు అసలే రావు.

వ్యవస్థలో కొంత రక్షణ ఉన్నమాట నిజం. మేజర్ లీగ్ జట్టులో ఉండగా గాయపడిన ఆటగాడికి గాయాల జాబితాలో ఉన్నంత కాలం మేజర్ లీగ్ జీతమే అందుతుంది, సర్వీస్ కాలమూ (మేజర్ లీగ్‌లో గడిపిన రోజులూ) లెక్కకు వస్తుంది. అదే గాయం మైనర్ లీగ్‌లో అయితే ఈ రెండూ ఉండవు. ఒకే జట్టు, ఒకే శిక్షణ, ఒకే వేగం కోసం ఒత్తిడి, కానీ గాయమైన రోజున ఏ స్టేడియంలో ఉన్నాడన్న దాని మీద కుర్రవాడి భవితవ్యం ఆధారపడడం సమంజసంగా లేదు. కుర్ర పిచర్లను ఒక సీజన్‌లో మైనర్ లీగ్‌కు అయిదుసార్లకు మించి పంపకూడదని లీగ్, ఆటగాళ్ల సంఘం మధ్య కుదిరిన 2022 ఒప్పందంలో పెట్టిన పరిమితి మేలు చేసింది. అది చాలదు.

2025 సీజన్‌కు ముందు డాడ్జర్స్ మళ్లీ అదే దారి పట్టారు. బ్లేక్ స్నెల్‌ను 5 ఏళ్లకు 18.2 కోట్ల డాలర్లతో తెచ్చుకుంటే అతను సీజన్‌లో 61 ఇన్నింగ్స్ మాత్రమే వేయగలిగాడు. గ్లాస్‌నో 90 దగ్గర ఆగాడు. ఓటానీ జూన్ 16న గాని పిచింగ్‌కు తిరిగి రాలేదు. ఈసారి తేడా యమమోటో: 30 మ్యాచ్‌ల్లో 173 ఇన్నింగ్స్ వేసి, ప్రపంచ సిరీస్‌లో టొరంటో మీద ఆరో మ్యాచ్ గెలిచి, మరుసటి రోజు ఏడో మ్యాచ్ చివర్లోనూ దిగి దాన్నీ గెలిపించాడు. ఏ పిచర్ ఏ ఏడాది నిలబడతాడో శిబిరంలో చెప్పలేమనడానికి, 2024లో 90 ఇన్నింగ్స్‌కే పరిమితమైన అతనికంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

జట్టుకు 13 మంది పిచర్ల పరిమితిని ఇంకా తగ్గించాలన్న సూచన ఇప్పుడు చర్చలో ఉంది. పిచర్లు తక్కువైతే స్టార్టర్ ఆరేడు ఇన్నింగ్స్ వేయక తప్పదు, వేయాలంటే ప్రతి బంతినీ గరిష్ఠ వేగంతో విసరడం మానుకోక తప్పదు, టామీ జాన్ కాలపు పద్ధతికి కొంతైనా మళ్లక తప్పదు అన్నది దాని వెనక ఉన్న తర్కం. ఈ వాదనలో బలం ఉంది. అయితే పరిమితిని ఒక్కసారిగా తగ్గిస్తే, పూర్తి వేగానికి అలవాటుపడిన చేతులే ఎక్కువ ఇన్నింగ్స్ వేయవలసి వచ్చి మరిన్ని గాయాలకు దారితీయవచ్చు. అందుకని మార్పు మొదలవవలసింది మైనర్ లీగ్‌లో, ఇంకా ముందుగా కళాశాల స్థాయిలో. అక్కడ కుర్రవాణ్ని ఎంపిక చేసేటప్పుడు గంటకు ఎన్ని మైళ్లన్న ఒక్క అంకెకే ప్రాధాన్యం ఇస్తున్నంత కాలం, ప్రతి ఫిబ్రవరిలోనూ శిబిరాల్లో ఇదే కూడిక వేయవలసి వస్తుంది, ఇంతే ఖాళీ బయటపడుతుంది.